దోటి పట్టిన చెయ్యి

"కుర్చీ ఎత్తండి," అంది.

"ఎందుకు మేడం, వాకిట్లో వెయ్యాలా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "అరచెయ్యి కిందికి తిప్పి, మోచెయ్యి చాపి, కుడిచేత్తో ఎత్తండి."

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో, మందుల షాపు మేడ మీద ఉన్న చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ అది. ఫిబ్రవరి నెల. ఎత్తమన్నది ఉత్త ప్లాస్టిక్ కుర్చీ. మా ఊళ్లో పెళ్లిళ్లకు అలాంటివి నాలుగేసి ఒకేసారి మోసేవాణ్ణి. నవ్వుకుంటూ పట్టుకుని జానెడు ఎత్తానో లేదో, మోచేతి బయటివైపు ఎముక దగ్గర నిప్పు పెట్టినట్టయింది. కుర్చీ జారి ఆమె కాలి మీద పడింది.

"అమ్మా!" అన్నది ఆమె. "అబ్బా!" అన్నది నేను. మా పరిచయం అలా మొదలైంది.

ఆమె పేరు లిఖిత. అనంతసాగరం రైతుల బిడ్డ. చదువు ముగించి ఏడాది. ఒక చేత్తో కాలు రుద్దుకుంటూనే రెండో చేతి బొటనవేలితో నా మోచేతిని అంగుళం అంగుళం నొక్కుతూ పోయింది.

"ఇక్కడా?"

"కాదు."

"ఇక్కడా?"

"కాదు మేడం."

"మరి ఇక్కడ?"

నేను పెట్టిన కేకకు బయట బెంచీ మీద కూర్చున్న మోకాళ్ల నొప్పుల అవ్వ తలుపు తోసుకుని తొంగిచూసింది. "ఏంది పాపా, ఆ పిలగాణ్ణి చంపతా ఉండావా?"

"లేదవ్వా, బతికే ఉండాడు," అని లిఖిత నా వైపు తిరిగింది. "టెన్నిస్ ఎల్బో."

"నేను టెన్నిస్ ఆడను మేడం. షటిల్ ఆడతా."

"మీ మోచేతికి ఆ తేడా తెలీదులెండి."

అప్పుడు నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో కుర్చీ ఎత్తమన్నా ఎత్తేవాణ్ణి.

నా పేరు మస్తాన్. మాది ఉదయగిరి కొండకింద ఊరు. దర్గాకు మొక్కుకుంటే పుట్టానని ఆ పేరు పెట్టారు. అప్పటికి ఇరవై నాలుగేళ్లు. సాయికిరణ్ అనే స్నేహితుడితో కలిసి షటిల్ డబుల్స్ ఆడేవాణ్ణి. జులైలో జిల్లా జట్టుకు సెలెక్షన్లు. అందులో నిలబడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి పడుతుంది. నాకు తెలిసిన దారి అదొక్కటే. ఆ దారికి అడ్డంగా ఎనిమిది నెలల నుంచి ఈ నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నెల్లూరులో ఒక డాక్టరు ఇంజెక్షన్ వేస్తే రెండు నెలలు సుఖంగా గడిచి, ఆ తర్వాత రెండింతలై తిరిగొచ్చింది.

"ఇంజెక్షన్ నొప్పిని నిద్రపుచ్చింది," అంది లిఖిత. "మీరేమో బాగయిందనుకుని ఇంకా గట్టిగా ఆడినారు. ఇది నరం కాదు. కండరాన్ని ఎముకకు కట్టిన పగ్గం అనుకోండి. లాగి లాగి అది పీచులు లేస్తా ఉండాది."

"అయితే ఆట మానేసి పడుకోవాల్నా?"

"పూర్తిగా మానేసినా బాగవ్వదు. లాగుడు తగ్గించి, కొంచెం కొంచెంగా బరువు అలవాటు చెయ్యాలి. లీటరు నీళ్ల బాటిల్ పట్టుకుని, మణికట్టు పైనుంచి కిందికి మెల్లగా దించాలి. రోజూ. వీడియో తీసి పంపాలి, లేకపోతే మీరు చెయ్యరు."

మోచేతికి రెండు వేళ్ల కింద పట్టీ కట్టింది. రాకెట్ పిడి సన్నగా ఉందని, లావు చేయించమంది. తీగలు మరీ బిగించొద్దంది. అన్నీ రాసిచ్చి ఆఖర్న అడిగింది.

"ఆట కాకుండా ఈ చేత్తో ఇంకేం పని చేస్తారు?"

"ఏం లేదు మేడం. పోటీ పరీక్షలకు చదువుకుంటా ఉండా. పెన్ను పట్టుకుంటా, అంతే."

మొత్తం ఆ అబద్ధంతోనే చెడింది.

మాకు ఎనభై మేకలు. రెండేళ్లుగా రోజూ పొద్దున మూడు గంటలు వాటికి మండ, అంటే ఆకుకొమ్మలు, కొట్టేది నేనే. చివర కొడవలి కట్టిన పొడుగాటి వెదురుగడను దోటి అంటాం. దాంతో కొమ్మను తగిలించి, బిగబట్టి, గుంజాలి. అందని చోట చెట్టెక్కాలి. ఎండాకాలంలో నేల మీద పచ్చిక ఉండదు, మేకలకు ఆకే అన్నం. ఇది ఆమెకు చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

ఎందుకు చెప్పలేదంటే సిగ్గు. ఉదయగిరి షటిల్ కోర్టులో ఒకసారి ఎవడో "మేకల కంపు కొడతా ఉందిరా" అన్నాడు. ఆ రోజు నుంచి రెండుసార్లు స్నానం చేసి గానీ కోర్టుకు వెళ్లేవాణ్ణి కాదు. తెల్లకోటు వేసుకున్న ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని చూస్తుంటే, ఇది మేకలోడి చెయ్యి అని తెలిస్తే వదిలేస్తుందేమో అనిపించింది.

వీడియోలు పంపడం మొదలుపెట్టాను. ఆమె జవాబులు పంపడం మొదలుపెట్టింది. మొదట్లో "ఇంకా మెల్లగా" అని ఒక్క ముక్క. తర్వాత ఫోన్లు.

"మస్తాన్, వెనకాల ఎవురో అరస్తా ఉండారు. ఏంది ఆ సౌండు?"

"రింగ్‌టోన్ మేడం."

"మేక గొంతుతో రింగ్‌టోనా?"

"కొత్త మోడల్."

ఆమె పగలబడి నవ్వేది. నేను మాత్రం ఆ మేకను తిట్టుకుంటూ నాలుగు అడుగులు దూరం జరిగేవాణ్ణి. వారానికోసారి ఆత్మకూరు బస్సెక్కడం నాకు పండగ. నొప్పి తగ్గలేదని బాధపడుతూనే, తగ్గితే మళ్లీ ఎలా వెళ్లాలా అని దిగులుపడేవాణ్ణి. ప్రేమంటే అదేనని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఏప్రిల్ వచ్చింది. నొప్పి అలాగే ఉంది. లిఖిత ముఖంలో నవ్వు తగ్గింది.

"పట్టీ కట్టినాం, పిడి మార్చినాం, ఆట సగానికి తగ్గించినాం. నా చదువులోనే ఏందో తప్పుండాది మస్తాన్," అంది ఒకరోజు. నా రెండు అరచేతులూ తిప్పి చూసింది. "రాకెట్ పట్టేది కుడిచెయ్యి గదా. ఎడమచేతికి కాయలెందుకు కాసినాయి?"

"జిమ్ము మేడం."

"ఉదయగిరిలో జిమ్మా?"

"ఇంట్లోనే పెట్టుకున్నా."

ఆమె నా కళ్లలోకి చూసి చేతులు వదిలేసింది. ఆ రోజు బస్సు కిటికీ దగ్గర కూర్చుని ఇంటిదాకా నన్ను నేనే తిట్టుకున్నాను. వచ్చేవారం చెప్పేద్దాం అనుకున్నాను. వచ్చేవారం కూడా చెప్పలేదు.

ఇంట్లో ఇంకో కథ. మా నాయన తిరుపాలుకు యాభై ఎనిమిదేళ్లు. రెండేళ్ల కిందట ఆయనకు కళ్లు తిరగడం మొదలైతే దోటి నా చేతికిచ్చాడు. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. కొడుకు చేతికి దోటి ఇచ్చాక తండ్రి మళ్లీ దాన్ని ముట్టడు. ముట్టాడంటే కొడుకు పనికిరానివాడని పదిమందిలో చాటినట్టే. అలా దోటి పోగొట్టుకున్నవాడికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడతారు.

నేను నొప్పితో ముఖం ముడుచుకున్నప్పుడల్లా నాయన ఒకటే మాట అనేవాడు. "బ్యాటు ఎత్తితే రాని నొప్పి దోటి ఎత్తితే వస్తాదా? దొంగ నొప్పిరా నీది."

నేను దోటి అందుకుని బయటికి నడిచేవాణ్ణి. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగేవి.

మే నెలాఖరు ఆదివారం. నా ఆట చూస్తే తప్పేమిటో తెలుస్తుందని లిఖిత చెప్పకుండా ఉదయగిరి వచ్చింది. కోర్టులో సాయికిరణ్ ఉన్నాడు. వాడు నోట్లో నువ్వుగింజ నానని రకం. "మస్తానా? మండ కొట్టను పోయుంటాడు మేడం, రోజూ అదే గదా," అన్నాడు. ఆమె షేరాటో ఎక్కి మా ఊరు వచ్చేసింది.

నేను వేపచెట్టు మీద ఉన్నాను. కింద మేకలు. దోటి గుంజుతూ కిందికి చూస్తే, మేకల మధ్యలో లిఖిత.

దిగాను. చొక్కా నిండా ఆకులు, ఒంటి నిండా చెమట.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"రెండేళ్లు."

"రోజూ ఎంతసేపు?"

"మూడు గంటలు."

"పొద్దున మూడు గంటలు దీన్ని గుంజి, సాయంత్రం నా బాటిల్ ఎత్తి వీడియో పంపినావు." ఆమె దోటిని వేలితో చూపించింది. "నాలుగు నెలలు నేనేం చేసినానో తెలుసా? నాకు చదువు రాలేదని ఏడ్చినా."

"మేకలోణ్ణని తెలిస్తే..."

"తెలిస్తే ఏంది? మా ఇంట్లో ఎనిమిది బర్రెలుండాయి. కాలేజీకి పోయేదాకా పాలు పిండింది నేనే."

"బర్రెలు వేరు మేడం."

"ఇంకా మేడం ఏందిరా నీ మొహం!"

అంత తిట్టుకూ నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఆమె కూడా ఏడుస్తూనే నవ్వింది. తర్వాత దొడ్డి దగ్గర కూర్చున్న నాయన దగ్గరికి నేరుగా వెళ్లిపోయింది. నాకు వాళ్ల మాటలు వినబడలేదు. మేకల్ని ఆకు మీదికి తోలుతూ దూరం నుంచి చూశాను. ఆమె తన మోచేతి మీద వేలు పెట్టి ఏదో చూపిస్తోంది. నాయన తన మోచెయ్యి తడుముకుంటూ వింటున్నాడు. ఏదో అడిగాడు. ఆమె ఆరు వేళ్లు చూపించింది.

మర్నాడు పొద్దున దోటి భుజాన వేసుకుని బయల్దేరుతుంటే నాయన ఎదురొచ్చాడు. మా వాళ్లు ఇద్దరు ముగ్గురు మేకల్ని తోలుకుని అటే పోతున్నారు.

"దోటి ఇట్టియ్యి."

"ఎందుకు?"

"ఇయ్యమంటే ఇయ్యి. నువ్వు పొయ్యి బ్యాటు ఆడుకో పో."

మా వాళ్లు ఆగి చూశారు. నా ముఖం కాలిపోయింది.

"అంటే నేను పనికిరాననా?"

నాయన ఒక్క అడుగు ముందుకేశాడు. నా భుజం మీది దోటి లాగి తన భుజాన పెట్టుకున్నాడు.

"అట్టయితే నువ్వే కొట్టుకో. సచ్చినా ఇంగ దాన్ని ముట్టను," అని అరిచి, రాకెట్ తీసుకుని కోర్టుకు వెళ్లిపోయాను.

మా నాయనతో నేనన్న ఆఖరి మాట అది.

ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. వేపచెట్టు మీద కళ్లు తిరిగి పడ్డాడట. అంబులెన్సులో స్పృహ లేని ఆయన తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "నాయనా, నాయనా" అంటూనే ఉన్నాను. ఆత్మకూరు చేరకముందే అయిపోయింది.

మూడోరోజు లిఖిత వచ్చింది. మా అమ్మ చెంచులక్ష్మి పక్కన చాలాసేపు కూర్చుంది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నాతో, "నేను రాకుండా ఉంటే బాగుండేది మస్తాన్," అంది.

కాదని ఒక్కమాట అంటే సరిపోయేది. కానీ అప్పుడు నా చెవుల్లో నేనన్న మాటే మోగుతోంది. ఊరుకున్నాను. ఆమె తలవంచుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె ఫోన్ చెయ్యలేదు. నేను రోజూ ఒక మెసేజ్ రాసి, పంపకుండా చెరిపేసేవాణ్ణి.

మేకల్ని వరికుంటపాడు వాళ్లు కొని తోలుకుపోయారు. జులైలో సెలెక్షన్లు జరిగాయి. సాయికిరణ్ ఇంకొకడితో ఆడాడు. నేను వెళ్లి చూడలేదు. ఉదయగిరిలో సెల్‌ఫోన్ల కొట్లో పనికి కుదిరాను.

సెప్టెంబరులో ఒకనాడు అమ్మ మోస్తున్న నీళ్ల బిందె అందుకుని కుడిచేత్తో గట్టు మీద పెట్టాను. పెట్టాక గానీ తెలియలేదు, నొప్పి లేదు. మళ్లీ ఎత్తి చూశాను. లేదు. దోటి పట్టడం ఆగింది గనక పగ్గం అతుక్కుంది. ఏడాది పైగా ఆ నొప్పి పోవాలని ఎన్ని మొక్కులు మొక్కానో. పోయిందని తెలిసిన రోజు గట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నా చెయ్యి బాగవడానికి నాయన పోవలసి వచ్చింది.

నవంబరులో తుఫాను పట్టింది. అమ్మ అన్నం గిన్నె నా ముందు పెట్టి అంది. "రేపు పొయ్యి ఆ పాపకు చెయ్యి చూపించుకోని రా."

"నొప్పి లేదుమా."

"లేదని చెప్పి రా."

అమ్మ మాటకు ఎదురు చెప్పి గెలిచినవాడు మా ఇంట్లో లేడు.

ఆత్మకూరు బస్టాండులో దిగేసరికి వాన దంచుతోంది. క్లినిక్ మెట్లెక్కేలోపే తడిసి ముద్దయ్యాను. లోపల లిఖిత ఒక్కతే ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. చిక్కిపోయింది. తువ్వాలు తెచ్చి చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది.

"నొప్పి ఎట్టుండాది?"

"లేదు. సెప్టెంబర్ నుంచే లేదు."

"మంచిది," అంది. నేను తువ్వాలు తీసుకుని తల తుడుచుకున్నాను. కిటికీ అవతల వాన ఎవరి కోసమూ ఆగేలా లేదు.

"నా మీద కోపంగా ఉండాదా?" అంది చివరికి.

"నీ మీదనా?" నాకు అర్థం కాలేదు. "నీ మీద నాకెందుకు కోపం? కోపమంతా నా మీదే. మా నాయన నన్ను చేతగానోడనుకుని పోయినాడు లిఖితా. అందరి ముందర దోటి వెనక్కి లాక్కున్నాడు. నేను అనరాని మాట అన్నా. ఆ కోపంతోనే చెట్టెక్కినాడు."

లిఖిత నన్ను వింతగా చూసింది. కుర్చీలో కూలబడింది.

"ఇన్నాళ్లూ నువ్వు ఇదా అనుకుంటా ఉండేది?"

"మరి ఇంకేంది?"

"దొడ్డి దగ్గర ఆయన నాతో ఏమన్నాడో నీకు తెలీదా? మీ అమ్మకన్నా చెప్పుంటాడనుకున్నానే." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఆరు వారాలు నిన్ను దోటి పట్టనియ్యొద్దని చెప్పినా. ఎవురినన్నా కూలికి పెట్టుకోమన్నా. కూలోడు కొడితే చెట్టు మోడైపోతాది, రేపు నా బిడ్డకు మండ యాడుంటాది అన్నాడు. ఆరు వారాలే గదా, నేనే కొడతా అన్నాడు."

నేను బల్ల ముందు ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

"దోటి వెనక్కి తీసుకుంటే వాడికి రోషం వస్తాది, రానీలే అన్నాడు. ముందే చెప్తే నాకు కళ్లు తిరగతాయని వాడు ఇయ్యడు, నువ్వు చెప్పబాకమ్మా అన్నాడు. చెయ్యి బాగైనాక నేనే చెప్పుకుంటా అన్నాడు."

"ఇంకా?"

"ఏడాది నుంచి నా కొడుకు నిజం చెప్తా ఉంటే దొంగ నొప్పి అని తిట్టినా. ఈ మాట వాడి మొహం చూసి ఎట్ట చెప్పేదమ్మా, అని అడిగినాడు."

ఇన్ని నెలలూ గుండెలో గడ్డకట్టింది ఒక్కసారిగా కరిగింది. బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆమె వచ్చి నా తల మీద చెయ్యి వేసింది.

"ఎందుకు చెప్పలేదు నాకు?" అన్నాను.

"ఎట్ట చెప్పేది? నేనొచ్చి చెప్పబట్టే ఆయన చెట్టెక్కినాడు గదా. గుమ్మం దగ్గర నువ్వు పలకలేదు. నువ్వూ అదే అనుకుంటా ఉండావనుకున్నా. నీ ముందరికి రాలేకపోయినా."

నేను ఫోన్ తీసి అమ్మకు చేశాను. స్పీకర్ పెట్టాను. లిఖిత చెప్పినదంతా చెప్పాను. అమ్మ ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

"ఆ పాప అక్కడే ఉండాదా?" అంది.

"ఉండాది."

"అమ్మాయ్, ఇను. నా మొగుడు నలభై ఏళ్లు చెట్లెక్కినాడు. ఒకరు ఎక్కమంటే ఎక్కేవాడు గాదు, ఒకరు దిగమంటే దిగేవాడు గాదు. నువ్వేం చంపలా. ఆయన పొయ్యేముందర కొడుకు మంచోడని నీ నోట తెలుసుకోని పోయినాడు. నాకది చాలు."

లిఖిత నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది.

"వీడు అన్నం సరిగ్గా తినడంలా," అంది అమ్మ. "నువ్వూ తింటా ఉండవులే. ఆదివారం ఇంటికి రా. మీ అమ్మానాయనకు చెప్పే రా. ఆనక నేనూ వచ్చి వాళ్లతో మాట్లాడతా."

నేను లిఖిత వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. ఫోన్ దగ్గరికి వంగి, కన్నీళ్ల మధ్యే చిన్నగా అంది.

"వస్తా అత్తా."

ఫోన్ పెట్టేశాక ఇద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం. వాన తగ్గలేదు. నేను అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఆమె కూడా ఎదురుచూస్తోంది. కానీ నా నోట వచ్చింది ఒక్కటే.

"నాయన ఏమన్నాడో ఇంకోసారి చెప్పవా?"

లిఖిత నా చెయ్యి పట్టుకుని, మొదటి నుంచీ మళ్లీ చెప్పింది.